పాకే పాప, ఇంట్లో పిల్లి

ఇంట్లో పిల్లి ఉండగా పాప పాకడం మొదలుపెడితే, ఆ పిల్లిని ఎక్కడికైనా పంపించేయాలా?

ఈ ప్రశ్నకు మన ఇళ్లలో రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "మా పుట్టింట్లో వడ్ల పురి కింద ఎప్పుడూ రెండు మూడు పిల్లులుండేవి. మేమందరం వాటి మధ్యే పాకాం, మాకేమైంది?" అంటుంది నాయనమ్మ. "పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే ఆయాసం పట్టుకుంటుందండీ, ముందు దాన్ని వదిలించుకోండి" అంటారు పక్క ఫ్లాటువాళ్లు. మొదటి మాట నమ్మిన ఇంట్లో ఏ జాగ్రత్తా ఉండదు. రెండో మాట నమ్మిన ఇంట్లో ఒకరోజు పొద్దున్నే పిల్లిని గోనెసంచిలో వేసి, కాలువ దాటించి వదిలేసి వస్తారు. ఇంట్లో పెరిగిన పిల్లికి కొత్త వీధిలో తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియదు, అక్కడి కుక్కల నుంచి తప్పించుకునే సందులూ తెలియవు. అలా వదిలేయడం చంపడానికి చాలా దగ్గరి పని అని నేను నమ్ముతాను.

పిల్లి నుంచి పసిబిడ్డకు రాగల జబ్బులు ఉన్నమాట నిజమే. వాటిలో ఒకటి ప్రాణం తీసేది కూడా. అయితే వాటిని ఒక్కొక్కటే విప్పి చూస్తే దాదాపు ప్రతిదానికీ ఒక గడువు కనిపిస్తుంది. ఒకటి ప్రమాదకరంగా మారడానికి కనీసం ఒక రోజు పడుతుంది, మరొకదానికి రెండు వారాలు. ఇంకొకటి ఒంట్లో చేరినా, మెదడు దాకా ఎక్కడానికి వారాలు తీసుకుంటుంది. గడువు లోపల చేయాల్సిన పని చాలా చిన్నది, ఖర్చు లేనిది. ఆ గడువులు తెలిసిన ఇంట్లో పాపా పిల్లీ ఒకే కప్పు కింద పెరగవచ్చు.

జానెడు ఎత్తు నుంచి

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచే ఆచారం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకా ఉంది. ఆ బొబ్బట్లకూ అరిసెలకూ మధ్య ఉన్న నెలల్లో బిడ్డకు నేలే లోకం. ఏడెనిమిది నెలల పాప చేతికి దొరికిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటుంది. ఆ వయసులో వేళ్లకంటే పెదవులకూ నాలుకకూ వస్తువుల సంగతి బాగా తెలుస్తుంది. గట్టిదా మెత్తనిదా, నున్ననిదా గరుకుదా అన్నది పాప అలాగే నేర్చుకుంటుంది. కాబట్టి "నోట్లో పెట్టుకోనివ్వద్దు" అనే సలహా ఏ తల్లికీ ఉపయోగపడదు. నేల మీద ఏముందన్నదే మన చేతిలో ఉన్న విషయం.

ఒకసారి మీరే చాప మీద బోర్లా పడుకుని, జానెడు ఎత్తు నుంచి ఇల్లంతా చూడండి. నిలబడినప్పుడు కనిపించనివి కనిపిస్తాయి. సోఫా కింద వెంట్రుకల ఉండ ఒకటి. పిల్లి గిన్నె చుట్టూ రాలిన నాలుగు తిండి గుళికలు. బాల్కనీ తలుపు వార దాని ఇసుక పెట్టె, ఆ పెట్టెలోంచి పిల్లి పాదాలకు అంటుకుని గది మధ్యదాకా వచ్చిన రేణువులు. గుళికలు పసిగొంతుకు అడ్డం పడగలవు. దుకాణంలో కొనే పిల్లి ఇసుక చాలావరకు తడి తగిలితే గడ్డకట్టే రకం, అదీ నోట్లోకి వెళ్లకూడదు. తిండి గిన్నెను పాపకు అందని గట్టు మీదికి మార్చినా పిల్లి ఎక్కి తింటుంది. ఇసుక పెట్టె ఉన్న చోటికి పిల్లి దూరేంత, పాప దూరలేనంత సందు వదిలి తలుపు బిగిస్తే సరిపోతుంది.

చెప్పులు గడప బయట వదిలే మన అలవాటు వీధి మట్టిని చాలావరకు లోపలికి రానివ్వదు. బయట తిరిగే పిల్లి మాత్రం ఆ మట్టిని నాలుగు పాదాలతో మోసుకొస్తుంది. ఆ మట్టిలో ఏముంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తిత్తి పండే దాకా

1908లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యూనిస్‌లో చార్లెస్ నికోల్, లూయీ మాన్సో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుండి అనే ఎలుకజాతి జంతువులో ఒక ఏకకణ జీవిని చూశారు. అదే ఏడాది బ్రెజిల్‌లో స్ప్లెండోరే అనే ఆయన దాన్ని కుందేలులో చూశాడు. దానికి టాక్సోప్లాస్మా అని పేరు పెట్టారు. తర్వాతి రోజుల్లో అది గొర్రెల్లో, పందుల్లో, పక్షుల్లో, మనుషుల్లో కూడా కనిపిస్తూ వచ్చింది. అది మాంసం ముట్టని మనుషుల్లోకీ, గడ్డి మాత్రమే మేసే జంతువుల్లోకీ ఎలా చేరుతోందన్నది అర్ధ శతాబ్దం పాటు ఎవరికీ అంతుపట్టలేదు.

ముడి విప్పే మొదటి కొస గ్లాస్గోలో దొరికింది. విలియం హచిసన్ అనే పరాన్నజీవి శాస్త్రవేత్త ఈ జీవి ఉన్న చిట్టెలుకలను ఒక పిల్లికి పెట్టాడు. దాని మలాన్ని కడిగి, వడకట్టి, మామూలు కుళాయి నీళ్లలో దాదాపు ఏడాది ఉంచాడు. తర్వాత ఆ నీళ్లను ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకలకు పట్టిస్తే వాటికి జబ్బు వచ్చింది. 1965లో ఈ సంగతి ప్రకటించినప్పుడు ఆయన వేసిన అంచనా ఒకటుంది: పిల్లి కడుపులో ఉండే నులిపురుగు గుడ్లలో ఇది దాక్కుని బయటికి వస్తోందని. నులిపురుగులు లేని పిల్లులతో మళ్లీ చేసి చూస్తే వాటి మలంలోనూ ఈ జీవి వచ్చింది. 1970 నాటికి హచిసన్ బృందమూ, అమెరికాలో ఫ్రెంకెల్, భారత్‌లో పుట్టి అక్కడ స్థిరపడిన జె.పి. దూబే కలిసి పనిచేసిన బృందమూ, మరికొందరూ అసలు సంగతి తేల్చారు. టాక్సోప్లాస్మాకు సొంత తిత్తి ఉంది. ఆ తిత్తి తయారయ్యేది పిల్లి జాతి పేగుల్లో మాత్రమే.

మన ఇంటికి పనికొచ్చే భాగం ఇక్కడ మొదలవుతుంది. పిల్లి మలంతో బయటపడ్డ తిత్తి ఆ క్షణాన ఎవరికీ హాని చేయలేదు. డెల్టాలో సార్వా నారు పోసే రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. పొడి వడ్లు తెచ్చి నారుమడిలో చల్లరు. ముందు నానబోస్తారు, గోనెలో కట్టి మండె వేస్తారు, లోపల వెచ్చగా చెమ్మగా ఉండి ముక్కు పగిలాకే చల్లుతారు. మండె కట్టకుండా ఎండలో ఆరబోసిన గింజ గింజగానే ఉండిపోతుంది. ఈ తిత్తికీ గాలి, చెమ్మ, వెచ్చదనం కావాలి, సమయమూ కావాలి. అది పండడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. పండాకే అది ఒంట్లో నాటుకోగలదు. ఆపైన చెమ్మ ఉన్న నీడ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతుకుతుంది.

అంటే ఇసుక పెట్టెను రోజూ శుభ్రం చేసే ఇంట్లో తిత్తికి పండే వ్యవధి ఉండదు. రెండు రోజులకోసారి, ఆదివారానికోసారి అంటే ఉంటుంది. ఈ జబ్బు విషయంలో ఇంత తేలిక నివారణ మరొకటి లేదు. మలం తీసేశాక పెట్టెను ఫినాయిల్‌తో కడిగి నిశ్చింతగా ఉంటారు చాలామంది. ఈ తిత్తి గోడ ఎంత గట్టిదంటే ఫినాయిల్‌కూ, బ్లీచింగ్ నీళ్లకూ లొంగదు. పొయ్యి మీంచి దించిన సలసల మరిగే నీళ్లకు లొంగుతుంది.

ఇంకో రెండు సంగతులు తెలిస్తే భయం తగ్గుతుంది. పిల్లి సాధారణంగా జీవితంలో ఒకసారే, మొదటిసారి ఈ జీవి సోకినప్పుడు, ఒకటి నుంచి మూడు వారాల పాటు తిత్తులను విసర్జిస్తుంది. తర్వాత దాని ఒంట్లో రక్షణ శక్తి ఏర్పడుతుంది. ఇక ఆరోగ్యంగా పుట్టి పెరుగుతున్న పిల్లలకు ఇది సోకినా చాలావరకు చిన్న జ్వరంతోనో, అదీ లేకుండానో పోతుంది. అసలు ప్రమాదం గర్భంలో ఉన్న శిశువుకు. తల్లికి గర్భంతో ఉండగా మొదటిసారి సోకితే బిడ్డ కళ్లూ మెదడూ దెబ్బతినవచ్చు. పాకే పాప తల్లి మళ్లీ నీళ్లోసుకుంటే ఇసుక పెట్టె పని మాత్రం ఇంట్లో మరొకరు చేయాలి. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి చేతులు కూడా ఈ జీవిని మోసుకొస్తాయని ఆ ఇంట్లో అందరూ గుర్తుంచుకోవాలి.

హచిసన్ అనుమానించిన నులిపురుగు కథ వేరు. దాని పేరు టాక్సోకారా. 1950లో అమెరికాలో హెలెనార్ కాంప్‌బెల్ వైల్డర్ అనే ఆమె, కంటిలో క్యాన్సర్ గడ్డ అనుకుని తీసేసిన పసిపిల్లల కళ్లను పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసింది. చాలా కళ్లలో క్యాన్సర్ లేదు. దాని బదులు చిన్న పురుగుపిల్లల ఆనవాళ్లు ఉన్నాయి. వాటిని కుక్కల టాక్సోకారాగా తర్వాత గుర్తించారు. పిల్లులది దానికి దగ్గరి జాతి. ఈ పురుగు మనిషి కడుపులో పెద్దది కాలేదు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల దారి తప్పి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, అరుదుగా కంట్లో తిరుగుతుంది. మట్టి తినే పిల్లలకే ఈ బెడద ఎక్కువ.

ఈ గుడ్డుకూ గడువు ఉంది, అదీ పెద్దది: 2 నుంచి 4 వారాలు. కాబట్టి ఇంట్లో, పెట్టెలో రోజూ ఎత్తేసే మలం వల్ల దీని భయం లేదు. భయమంతా వారాల తరబడి ఎవరూ ముట్టని మట్టి దగ్గర. విజయవాడలో ఏ వీధిలో చూసినా ఒక ఇల్లు కడుతుంటారు, వాకిట్లో కృష్ణ ఇసుక కుప్ప పోసి ఉంటుంది. వదులు ఇసుక కనిపిస్తే పిల్లి అక్కడే తవ్వి, కూర్చుని, కప్పెడుతుంది. సాయంత్రం ఆ కుప్ప మీదే వీధి పిల్లలు గూళ్లు కడతారు. పాకే పాప ఆ కుప్ప దాకా వెళ్లదు. కానీ నాలుగేళ్ల అన్న గోళ్లలో ఆ ఇసుక ఇంటికి వస్తుంది. రాత్రిపూట కుప్ప మీద టార్పాలిన్ కప్పమని మేస్త్రీకి చెప్పడం, ఆడుకుని వచ్చిన పిల్లవాడి చేతులు సబ్బుతో కడిగాకే చెల్లిని ఎత్తుకోనివ్వడం, ఈ రెండూ ఇంట్లోని పిల్లి మీద పెట్టే కాపలా కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

రోహిణి కార్తె ఎండకు పైపొరలోని గుడ్లు ఎండి చస్తాయి. వానలు, వరదలు వాటికి అనుకూలం. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చి రోజుల తరబడి నిలిచాయి. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలిన ఒండ్రు ఎక్కడెక్కడి మురికినో మోసుకొచ్చింది. అలాంటి నేలను గీకి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చాకే పాపను దించాలి. ఆ బురదలో తిరిగొచ్చిన పిల్లిని తడిబట్టతో పాదాలు తుడవకుండా లోపలికి రానివ్వకూడదు.

పిల్లికూనల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. టాక్సోకారా తల్లి పాలతోనే కూనలకు చేరుతుంది. బయట దొరికిన ముద్దొచ్చే కూన కన్నా ఇంట్లో నాలుగేళ్లుగా ఉన్న పాత పిల్లే పాపకు భద్రం. పాప పాకే నెలల్లో కొత్త కూనను ఇంట్లోకి తేవద్దని నా గట్టి సలహా. ఇప్పటికే ఉంటే పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం మొదట్లో రెండు వారాలకోసారి, పెద్దయ్యాక మూడు నెలలకోసారి పురుగుల మందు వేయించాలి. అంగన్‌వాడీలో, బడిలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకు, అదీ మనుషుల నులిపురుగుల కోసం. ఏడాది నిండని పాపకు ఆ రక్షణ వర్తించదు. మందు వేయాల్సింది పిల్లికే.

పెరుగన్నం తినే పిల్లి

ఈ టాక్సోప్లాస్మా, టాక్సోకారా పిల్లికి ఎక్కడి నుంచి వస్తాయి? చాలావరకు వేట నుంచి. పిల్లి వేటకు ఎందుకు వెళ్తుందన్న ప్రశ్నకు సగం జవాబు మన వంటింట్లో ఉంది.

మన ఇళ్లలో పిల్లికి పెట్టేది పాలు, పెరుగన్నం, ఎప్పుడైనా చేప ముల్లు. పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి తప్పనిసరి. మన ఒంట్లో అది తయారవుతుంది, పిల్లి ఒంట్లో చాలినంత తయారు కాదు, మాంసం నుంచీ చేప నుంచీ రావాలి. టారిన్ చాలకపోతే పిల్లి కంటిచూపు పోతుందని 1975లో, గుండె కండరం సడలిపోతుందని 1987లో తేల్చారు. పైగా ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. పాప పాకే ఇంట్లో విరేచనాల పిల్లి ఉంటే నేల ఏ స్థితిలో ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

పెరుగన్నంతో కడుపు నిండని పిల్లి రాత్రి గోడ దూకుతుంది. ఎలుకను తింటుంది, దానిలోని టాక్సోప్లాస్మాను తెచ్చుకుంటుంది. ఇక్కడ ప్రకృతిలో ఒక ఆశ్చర్యం ఉంది. ఈ జీవి సోకిన ఎలుకలకు పిల్లి వాసనంటే సహజంగా ఉండే భయం తగ్గిపోతుందని 2000లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. అలా జబ్బు ఉన్న ఎలుకే పిల్లికి సులువుగా చిక్కుతుంది.

"పిల్లి ఉంటే ఎలుకలుండవు, పాపకు అదే రక్ష" అనే మాటనూ ఇక్కడే పరీక్షించాలి. చిట్టెలుకల వరకు అది నిజం. డెల్టా గట్లను తవ్వే పందికొక్కులు, డ్రైనేజీ ఎలుకలు పిల్లికి పెద్ద సైజు. న్యూయార్క్‌లోని ఒక చెత్త కేంద్రంలో కెమెరాలు పెట్టి నెలల తరబడి చూస్తే అక్కడి పిల్లులు చంపినవి రెండే రెండు ఎలుకలని 2018లో ప్రకటించారు. ఎలుకల పని బోనుతో, చెత్త కుండీ మూతతో, తూము జాలీతో చూసుకోవాలి. మందు బిళ్లలు మాత్రం వద్దు. ఆ బిళ్లను పాప నోట్లో పెట్టుకోవచ్చు, ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తినవచ్చు.

పిల్లికి రెండు పూటలా ఉడికించిన చేపో, కోడిమాంసమో, దాని కోసమే చేసిన తిండో కడుపునిండా పెట్టండి. పచ్చి చేప తలలు, పేగులు బజారు నుంచి తెచ్చి అలాగే వేయవద్దు. బొచ్చె, శీలావతి లాంటి చేపల పచ్చి మాంసంలో ఒక బి విటమిన్‌ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. పచ్చి మాంసంతో వచ్చే సూక్ష్మజీవులూ పోతాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన పిల్లి తిరుగుడూ కొట్లాటా తగ్గించుకుంటుంది. కడుపు నిండి, ఆపరేషన్ అయి, బాల్కనీకి జాలీ ఉన్న ఇంట్లోని పిల్లి నుంచి పాపకు ఈ జబ్బులు వచ్చే అవకాశం చాలా తక్కువ.

పుట్టింటి నుంచి వచ్చిన కొత్త మనిషి

మన ఆచారంలో తొలికాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా అత్తవారింటికి వస్తారు. అప్పటిదాకా ఆ ఇల్లు పిల్లిది. ఒకరోజు హఠాత్తుగా కొత్త వాసన, కొత్త ఏడుపు, సాంబ్రాణి పొగ, రోజంతా చుట్టాలు. వాసనతోనే లోకాన్ని గుర్తుపట్టే జంతువుకు ఇది పెద్ద కుదుపు. రావడానికి వారం ముందు పాపను పడుకోబెట్టిన పాత చీర గుడ్డ ఒకటి పంపించి పిల్లి పడుకునే చోట పెడితే, పాప వచ్చేసరికి ఆ వాసన దానికి పాతదై ఉంటుంది.

పాకడం మొదలయ్యాక అసలు పరీక్ష. దాన్ని దగ్గర నుంచి చూద్దాం. మధ్యాహ్నం ఫ్యాను కింద గచ్చు మీద పిల్లి పడుకుని ఉంది. పాప దాన్ని చూసి కేరింత కొట్టి బయలుదేరింది. పిల్లి కళ్లు తెరిచింది, లేవలేదు. పాప మూడు బారల దూరానికి వచ్చేసరికి తోక చివర అటూ ఇటూ కదిలింది. ఇంకా దగ్గరికి వస్తే వీపు మీద చర్మం అల్లాడింది. చెవులు పక్కలకు తిరిగి తలకు అంటుకున్నాయి. కంటి నల్లగుడ్డు విప్పారింది. ఇన్ని మాటలు చెప్పాక, తోక పిడికిట్లో పడ్డాక, పంజా లేచింది. "ఊరికే గీరింది" అంటారు ఇంట్లోవాళ్లు. ఊరికే ఏమీ కాదు. తోక కదలగానే పాపను ఎత్తుకుని ఉంటే పంజా లేచేదే కాదు.

పిల్లికి పారిపోయే చోటు ఉంటే అది గీరదు, పోతుంది. బీరువా మీద, అటక మీద, కిటికీ గూట్లో పాపకు అందని ఒక చోటు దానికి వదలాలి. రెండు వారాలకోసారి గోళ్ల కొసలు కత్తిరించాలి. పాప నేల మీద ఉన్నంతసేపూ పెద్దవాళ్లు చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. పిల్లి ఎంత మంచిదైనా ఈ నియమానికి మినహాయింపు లేదు.

పిల్లి పసిబిడ్డ ఊపిరి పీల్చేస్తుందన్న భయం కొన్ని దేశాల్లో తరతరాలుగా ఉంది. అందులో నిజం లేదు. కానీ ఉయ్యాల్లో దూరుతుందన్నది నిజం. పిల్లికి హాయిగా అనిపించే వేడి మనకన్నా ఎక్కువ, 30 నుంచి 38 డిగ్రీల మధ్య. మే నెల విజయవాడలో దానికి ఎవరి ఒళ్లూ అక్కర్లేదు. సంక్రాంతి ముందరి చలి రాత్రుల్లో మాత్రం ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు పాప పక్క. చీర ఉయ్యాల్లో పాప ముఖానికి అడ్డంగా పిల్లి పడుకుంటే ఊపిరాడకపోవచ్చు. గొడుగు దోమతెర దోమలను ఆపుతుంది గానీ పిల్లి బరువును ఆపదు, మీద ఎక్కితే కూలుతుంది. పాప నిద్రపోయే గది తలుపు వేయడమే సరైన పని.

గీరినప్పుడు

గీరితే వచ్చే చిన్న జబ్బు ఒకటి, పెద్ద జబ్బు ఒకటి. చిన్నది: పిల్లి బొచ్చులో గెంతే ఫ్లీ అనే పురుగుల రెట్ట పిల్లి గోళ్లలో చేరి, దానిలోని బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి గీత ద్వారా ఒంట్లోకి వెళ్తుంది. ఒకటి రెండు వారాల తర్వాత చంకలోనో మెడ దగ్గరో బిళ్ల కడుతుంది, జ్వరం రావచ్చు. డాక్టరుకు పిల్లి గీరిన సంగతి చెబితే సులువుగా పట్టుకుంటారు. కాటు పడితే లోతుగా దిగిన సన్నని పళ్ల గాయం ఒకట్రెండు రోజుల్లోనే చీము పట్టవచ్చు, ఎంత చిన్నగా కనిపించినా చూపించాలి.

పెద్దది రేబిస్. మనుషులకు వచ్చే రేబిస్‌లో నూటికి 99 వంతులు కుక్క కాటు వల్లే. అయినా పిచ్చికుక్క కరిచిన పిల్లికి అది వస్తుంది, ఆ పిల్లి నుంచి మనిషికీ వస్తుంది. లక్షణాలు మొదలయ్యాక వైద్యం లేదు. అందుకే ఇక్కడి గడువులు అన్నిటికన్నా ముఖ్యమైనవి.

మొదటి గడువు 15 నిమిషాలు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో అంతసేపూ కడగాలి. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు. అవి గాయాన్ని రేపుతాయి, కడగాల్సిన సమయాన్ని తినేస్తాయి. పాప ఎంత ఏడ్చినా ఆ 15 నిమిషాలు ఆపకండి.

రెండోది టీకా గడువు. కాటు పడ్డ చోట నుంచి వైరస్ నరాల వెంబడి మెదడుకు వెళ్తుంది. దానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ముఖానికీ తలకూ తగిలితే దారి దగ్గర, పాకే పిల్లలకు ఆ ఎత్తులోనే దెబ్బలు తగులుతాయి. అది మెదడు చేరేలోగా టీకా ఒంట్లో సైన్యాన్ని తయారుచేయాలి, కాబట్టి అదే రోజు మొదలుపెట్టాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల భయం ఇంకా చాలామంది పెద్దవాళ్లను వెనక్కి లాగుతోంది. అది గొర్రె మెదడుతో చేసిన పాత మందు కాలం నాటిది. మన దేశంలో 2005 నాటికే దాన్ని ఆపేశారు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో చర్మంలోకి కొద్దికొద్దిగా ఇస్తారు, ఉచితంగా. పసిపిల్లలకూ అదే మోతాదు, సురక్షితం. చర్మం గీరుకుపోయి రక్తం రాకపోయినా టీకా కావాలి. రక్తం వచ్చినా, కాటు దిగినా, పిల్లి చొంగ కంట్లో నోట్లో పడినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా కావాలి. మామూలు చర్మాన్ని నాకితే కడిగేస్తే చాలు.

మూడోది 10 రోజులు. వైరస్ పిల్లి చొంగలోకి వచ్చేది దానికి జబ్బు బయటపడడానికి కొద్ది రోజుల ముందే. గీరిన తర్వాత 10 రోజులకూ పిల్లి మన కళ్లెదుట తిని తిరుగుతూ ఉంటే, ఆ రోజు దాని చొంగలో వైరస్ లేదన్నమాటే. అప్పుడు మిగతా టీకాలు ఆపవచ్చో లేదో డాక్టరు నిర్ణయిస్తారు. కోపంతో పిల్లిని తరిమేసిన ఇంటికి ఈ ఆధారం చేజారిపోతుంది.

ఇవన్నీ రాకుండా పిల్లికి మూడో నెల నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదటి టీకా ఇచ్చిన గుర్తుగా ఆ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు జంతువులకు ఉచితంగా టీకాలు వేస్తారు. విజయవాడ వాళ్లకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల కూడా దగ్గరే.

ఫినాయిల్, కలరా ఉండలు

పాప పుట్టాక ఇల్లంతా రెండు పూటలా ఫినాయిల్‌తో తుడవడం ప్రేమతో చేసే పనే. పిల్లి కాలేయానికి ఫినాల్ జాతి పదార్థాలను విరగ్గొట్టే శక్తి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, విషం ఎక్కుతుంది. ఆ నేల మీదే అరచేతులు ఆనించి వచ్చిన పాప ఆ చేతులనే చీకుతుంది. సబ్బు నీళ్లు, తర్వాత మంచి నీళ్లు చాలు. ఇదే కారణంగా పిల్లికి జ్వరమని పారాసెటమాల్ వేయకూడదు, సగం బిళ్ల కూడా చంపగలదు. కుక్కల పురుగుల పౌడరు పిల్లికి చల్లకూడదు, దానిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి మూర్ఛలు తెప్పిస్తుంది. బొంతల మధ్య పెట్టే కలరా ఉండలు ఇద్దరికీ ప్రమాదం. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒక ఎంజైము లోపం ఉంటుంది, ఆ ఉండల వాసన పట్టిన బట్టలతోనే వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి.

వెంట్రుక సంగతి

చివరగా పక్క ఫ్లాటువాళ్ల మాట. పిల్లి వెంట్రుక కడుపులోకి పోతే మామూలుగా అది మలంతో బయటికి పోతుంది. ఆయాసానికి వెంట్రుక కారణం కాదు. పిల్లి చొంగలోనూ చర్మపు నూనె గ్రంథుల్లోనూ ఉండే ఒక ప్రోటీను కొందరికి పడదు. పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు అది బొచ్చుకు అంటి, ఎండి, పొడిగా రాలి గాలిలో గంటల తరబడి తేలుతుంది.

పిల్లి ఉన్న ఇంట్లో పెరిగితే అలర్జీ ఎక్కువవుతుందా? అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతంలో 474 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి ఆరేడేళ్లు గమనించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, మొదటి ఏడాదిలో రెండు లేక అంతకన్నా ఎక్కువ కుక్కలో పిల్లులో ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లలకు అలర్జీలు తక్కువగా కనిపించాయి. 2012లో ఫిన్లండ్‌లో 397 మంది పసిపిల్లలను చూస్తే కుక్కలున్న ఇళ్లలో జలుబులు, చెవిపోట్లు తగ్గాయి, పిల్లుల వల్ల ఆ మేలు కొంచెమే. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పవు. అలర్జీ రాకూడదని పిల్లిని తెచ్చుకోనక్కర్లేదు, వస్తుందేమోనని ఉన్నదాన్ని పంపనూ అక్కర్లేదు.

పాపకు రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఒంటి మీద దురద గజ్జి తరచూ వస్తుంటే మాత్రం అలర్జీ డాక్టరుకు చూపించి పరీక్ష చేయించాలి. "నాలుగు రోజులు పిల్లిని చుట్టాలింట్లో ఉంచి చూద్దాం" అనే పరీక్ష పనికిరాదు. పిల్లి వెళ్లిపోయాక కూడా ఆ ప్రోటీను పరుపుల్లో, దిండ్లలో, కర్టెన్లలో నాలుగు నుంచి ఆరు నెలల దాకా ఉంటుంది. పరీక్షలో అలర్జీ తేలేదాకా పిల్లిని పడకగది బయటే ఉంచండి, పరుపు గుడ్డలు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకండి, చీపురుతో పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి.